గోరంత బటను

జ్ఞానాపురంలో, రైలు పట్టాల పక్క గుడిలో
నా పేరు సీలాసు.
హార్బరులో శీను.
ఎవరూ బలవంతంగా మార్చింది కాదు.
పనిలో చేరిన రోజు ఓనరు పేరడిగితే
"సీ..." అన్నాను. మిగతాది గొంతులో ఆగింది.
"శీనా? సరే, కాటా దగ్గర కూర్చో" అన్నాడాయన.
కూర్చున్నాను.
ఆరేళ్ళయింది.

తెల్లారగట్ల నాలుగున్నర.
డాల్ఫిన్ నోస్ మీద లైటు తిరుగుతూ
ఒక్కో బోటునీ హాజరు పిలిచి వదిలేస్తుంటుంది.
ఐసు మర పళ్ళు కొరుకుతుంటుంది.
కవ్వలు, కానాగంతలు,
తోక ఇంకా ఒప్పుకోని ఒక సూర చేప.
నా ముందు కాటా.
కాటాకి ఎడమపక్క గోరంత బటను.
ఖాళీ ట్రే పెట్టి అది నొక్కితే
ట్రే బరువు పోయి సున్నా అవుతుంది.
నొక్కకపోతే
రెండు కేజీల నీలం ప్లాస్టిక్కు
చేప ధరకి అమ్ముడుపోతుంది.

"ఆ బటను పన్జెయ్యదనుకో"
మొదటివారమే చెప్పాడు తాతబ్బాయి గారు,
నవ్వుతూ, టీ ఇప్పిస్తూ.
చెడ్డవాడు కాదు.
మా అమ్మకి పచ్చకామెర్లు ముదిరితే
కేజీహెచ్ మెట్ల మీద నాతోపాటు
రాత్రంతా కూర్చున్న మనిషి.
చెడ్డవాడైతే ఎంత సులువుగా ఉండేది.

గుడిలో సాక్ష్యం చెప్పమంటారు.
పాస్టరు గారు నా వైపు చూస్తే
నేను ఫ్యాను వైపు చూస్తాను.
విశ్వాసమంటే నోరు తిరగడమనుకునేవాణ్ణి.
దేవుడు వాళ్ళకి మైకిచ్చాడు,
నాకు కాటా ఇచ్చాడు, అనుకొని ఊరుకునేవాణ్ణి,
ఆ మాట ఎంత నిజమో ఆలోచించకుండా.

మొన్న శుక్రవారం దేముడమ్మ వచ్చింది.
గంపలో తడిగుడ్డ, కొంగుముడిలో నోట్లు.
కవ్వలు పెట్టాను. ఇరవై రెండు.
కేజీ డెబ్బై.
ముడి విప్పి లెక్కపెట్టింది,
వేలు తడిచేసుకుని మళ్ళీ లెక్కపెట్టింది.
నూటనలభై తక్కువ.
"రెండు కేజీలు తీసీ బాబూ."
తీయబోయాను.
చెయ్యి చేపల మీదికి వెళ్ళి ఆగిపోయింది.
ఆమె దగ్గర డబ్బు లేని ఆ రెండు కేజీలు
ట్రేలో కూడా లేవు.

తర్వాత జరిగింది పెద్దగా ఏమీ లేదు.
ఆకాశమేం తెరుచుకోలేదు.
చేపలన్నీ ఆమె గంపలోకి కుమ్మరించాను.
ఖాళీ ట్రే కాటా మీద పెట్టాను.
ఉప్పు పట్టి బటను బిగుసుకుపోయింది.
రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది,
రెండోసారి బొటనవేలు వణకడం
లైనులో అందరూ చూశారు.
సున్నా.
చేపలు తిరిగి పోశాను.
ఇరవై.

దేముడమ్మ అంకెను చూసింది. నన్ను చూసింది.
"ఏటి బాబూ, కాటా పాడైపోనాదా?"
"బాగైందమ్మా."

తాతబ్బాయి గారు టీ గ్లాసు కింద పెట్టలేదు.
"ఎవుడు సెప్పినాడ్రా నీకు, శీనూ?"

ఈ ఒక్క ప్రశ్న కోసం
ఎన్ని ఆదివారాలు అద్దం ముందు సిద్ధపడ్డానో!
కంఠస్థం చేసిన వాక్యాలు
ఒక్కటీ సాయం రాలేదు.
"నా పేరు సీలాసండి" అన్నాను.
అంతే వచ్చింది.
పూర్తిగా వచ్చింది.

ఆయన చాలాసేపు జెట్టీ వైపు చూశాడు.
"మీ యమ్మకెలాగుంది?" అన్నాడు చివరికి.
అది బెదిరింపో, ఆపేక్షో
ఇప్పటికీ తేల్చుకోలేను.
వారం జీతం ఇంకా ఇవ్వలేదు.
రావద్దని కూడా అనలేదు.

ధైర్యవంతుణ్ణయ్యానని అనుకోకండి.
ట్రేకీ ట్రేకీ బరువులో తేడా ఉంటుంది,
ప్రతిదానికీ మళ్ళీ నొక్కాలి,
ప్రతిసారీ నా భయం కూడా
సున్నా నుంచే మొదలవుతుంది.
ఆ రోజు లైను ఐసు మర దాకా ఉంది.

యేసయ్యా, అన్నాను లోపల,
ఈ ఒక్క ట్రే.

తర్వాతి గంప ముందుకు జరిగింది.